వినని రాజు: విషాద నాటకంలో ధర్మపాలన, నిరంకుశత్వం

 ఎవరి పేరిట ఈ స్మారక సభ జరుగుతున్నదో ఆ గురువుగారు నాటకాన్ని పాఠంగా చెప్పి ఊరుకున్నవారు కారు. విద్యార్థుల చేత ఆడించారు, ఆడినదాని మీద వాదించారు, తమతో వాదించినవారిని ఆదరించారు. గ్రీకు విషాద నాటకాలన్నా, షేక్‌స్పియర్ అన్నా వారికి ప్రాణం. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి ఆ నాటకాలను రెండువేల ఏళ్లుగా వెన్నాడుతున్న ఒక ప్రశ్న విషయమైంది: ధర్మంగా ఏలే రాజుకూ నిరంకుశుడికీ మధ్య గీత ఎక్కడ పడుతుంది?

ఈ ప్రశ్నకు రాజనీతి గ్రంథాలు సాధారణంగా రెండు గీటురాళ్లు చూపిస్తాయి. సింహాసనానికి వచ్చిన దారి న్యాయమైనదా అన్నది ఒకటి, వచ్చాక చట్టానికి లోబడి ఏలుతున్నాడా అన్నది మరొకటి. విషాద నాటకకర్తలకు ఈ రెండూ తెలుసు. అయినా రంగస్థలం మీద వాళ్లు పట్టుకున్న గీటురాయి వేరు. పాలకుడి ఎదుట నిలబడ్డ మనిషి మాట ఏమవుతోంది? కబురు తెచ్చినవాడు, సలహా చెప్పేవాడు, నేరం మోపబడినవాడు నోరు విప్పినప్పుడు ఆ మాట చెవికెక్కుతోందా, లేక చెప్పినవాడి మెడకు చుట్టుకుంటోందా? వంశం, పట్టాభిషేకం, పరాక్రమం అన్నీ ఉన్న రాజు కూడా ఈ పరీక్షలో ఓడిపోతే నాటకం అతణ్ణి నిరంకుశుల వరసలోకే నెట్టింది.

ఆ కళ పుట్టిన చోటునే ముందుగా చూడాలి. ఏథెన్స్‌లో డయొనైసస్ ఉత్సవానికి వైభవం తెచ్చింది పిసిస్ట్రాటస్ అనే నిరంకుశుడు. క్రీ.పూ. 534 ప్రాంతంలో థెస్పిస్ తొలి విషాద నాటకం ప్రదర్శించాడని సంప్రదాయం చెప్పేది ఆయన ఏలుబడిలోనే. ఆయన కొడుకుల్లో హిప్పార్కస్ 514లో హత్యకు గురయ్యాడు, హిప్పియస్‌ను 510లో తరిమేశారు. ఆ తర్వాత రెండేళ్లకే క్లిస్తనీస్ సంస్కరణలతో ప్రజాపాలనకు పునాది పడింది. హిప్పార్కస్‌ను చంపిన ఇద్దరి విగ్రహాలు నగర కూడలిలో వెలిశాయి. అదే ఉత్సవంలో, ఎప్పుడో చచ్చిపోయిన నిరంకుశులను చంపినవారికి బహుమానమిస్తామని చాటింపు వేసే ఆచారం ఉండేదని 414లో ఆడిన అరిస్టోఫనీస్ ‘పక్షులు’ నాటకం వల్ల తెలుస్తోంది. నిరంకుశుడు పెంచి పోషించిన వేదిక, అతణ్ణి సాగనంపిన ప్రజల చేతుల్లోకి వచ్చింది. దాని మీద రాజుల కథలు ఆడుతుంటే చూడడానికి కూర్చున్నవాళ్లు రాజులు లేని ఊరివాళ్లు.

ఆ ప్రేక్షకుల మనసులో నిరంకుశుడి రూపం ఎలా ఉండేదో హెరొడోటస్ రాశాడు. ఏ పాలన మేలన్న చర్చలో ఒటనీస్ అనే పారశీక ప్రముఖుడు ఏకవ్యక్తి పాలన మీద మోపిన అభియోగాల్లో ముఖ్యమైనవి రెండు: అతడు ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు, విచారణ లేకుండా మనుషుల్ని చంపుతాడు. ఏథెన్స్‌లో పదవి దిగిన ప్రతి అధికారీ తన లెక్కలు పౌరుల ముందు అప్పజెప్పాలి. ఆ కట్టుబాటులో బతికేవారికి జవాబుదారీ లేని మనిషి అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. 472లో ఈస్కిలస్ ‘పారశీకులు’ ఆడించినప్పుడు ఖర్చు భరించినవాడు యువకుడైన పెరిక్లీస్. పారశీకులతో సలామిస్ యుద్ధం ముగిసి ఎనిమిదేళ్లే అయింది. ఆ నాటకంలో పారశీక రాజు జెర్క్సిస్ తల్లి తన కొడుకు గురించి ఒక మాట అంటుంది: గెలిస్తే కీర్తి, ఓడినా ప్రాణంతో తిరిగొస్తే చాలు, నగరానికి లెక్క చెప్పే పనిలేదు, రాజ్యం అతడిదే. తల్లి ధైర్యం చెప్పుకోవడానికి అన్న మాట ఇది. దండెత్తి వచ్చిన ఆ సైన్యాన్ని స్వయంగా ఎదిరించిన ప్రేక్షకుల చెవుల్లో అది అభియోగపత్రంలా వినిపించి ఉంటుంది.

అయితే పారశీకుణ్ణి నిరంకుశుడనడం ఏథెన్స్‌కు కష్టమైన పని కాదు. తన సొంత ఆదర్శ రాజును నిలదీయడంలోనే ఆ నాటకరంగం గొప్పతనం ఉంది. థీసియస్ వాళ్లకు మూలపురుషుడి వంటివాడు. ఆయన్ను యురిపిడిస్ రెండు నాటకాల్లో రెండు రకాలుగా చూపించాడు. 428లో మొదటి బహుమతి గెలిచిన ‘హిప్పొలిటస్’లో థీసియస్ ఇల్లు చేరేసరికి భార్య ఫీడ్రా ఉరి వేసుకుని చనిపోయి ఉంటుంది. చేతికి కట్టిన పలక మీద సవతి కొడుకు హిప్పొలిటస్ తనను చెరిచాడని రాసి ఉంటుంది. ఆ రాత తప్ప మరో సాక్ష్యం లేదు. కొడుకు ఎదుటికి రాకముందే తండ్రి సముద్రదేవుడు తనకిచ్చిన వరాన్ని శాపంగా వాడేస్తాడు. కొడుకు వచ్చి ప్రమాణం చేస్తాడు. జ్యోతిష్కులను అడగకుండా, ఏ విచారణా లేకుండానే వెళ్లగొడతావా అని మొత్తుకుంటాడు. పలక చాలునంటాడు తండ్రి. సముద్రంలోంచి లేచిన ఎద్దును చూసి గుర్రాలు బెదిరి రథం విరిగి కొడుకు చావుబతుకుల్లో పడ్డాక గానీ నిజం బయటపడదు. అప్పుడు దేవత ఆర్టెమిస్ ఆయన మీద మోపిన నేరం క్రూరత్వం కాదు. రుజువు కోసం ఆగలేదన్నదే.

దాదాపు అయిదేళ్ల తర్వాత వచ్చిన ‘శరణార్థినులు’ నాటకంలో అదే థీసియస్ నిరంకుశత్వాన్ని ఖండిస్తూ ప్రజాపాలనను కీర్తిస్తాడు. రాసిపెట్టిన చట్టం ముందు పేదకూ గొప్పకూ ఒకటే న్యాయమని, మంచి సలహా ఉన్నవాడెవడైనా సభలో లేచి చెప్పొచ్చని థీబ్స్ దూతతో వాదిస్తాడు. ఆ వాదన అందరూ ఎత్తి చూపేదే. దానికంటే విలువైనది అంతకుముందు జరిగిన చిన్న ఘట్టం. థీబ్స్ గోడల దగ్గర చచ్చిపడిన యోధుల శవాలను అక్కడి రాజు క్రెయాన్ అప్పగించనంటే, వాళ్ల తల్లులు శరణు కోరి వస్తారు. థీసియస్ మొదట కుదరదంటాడు. అప్పుడు ఆయన తల్లి ఈత్రా, ఆడదాన్ని మాట్లాడవచ్చునా అని జంకుతూనే కొడుకు తప్పు చెబుతుంది. ఆయన విని మనసు మార్చుకుంటాడు. అంతేకాదు, ఈ నిర్ణయానికి నగరం సమ్మతి కూడా కావాలంటాడు. మనిషి ఒకడే, సింహాసనం ఒకటే, వంశంలో మార్పేమీ లేదు. ఒకచోట కొడుకు మాట వినలేదు, మరోచోట తల్లి మాట విన్నాడు. యురిపిడిస్ దృష్టిలో రాజరికానికీ నిరంకుశత్వానికీ ఉన్న దూరం అంతే.

తెలుగువారికి ఈ థీసియస్ కథ వినగానే మరో కథ గుర్తుకు రాక మానదు. బళ్లారిలో నాటక సమాజం నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో ‘విషాద సారంగధర’ రాశారు. మంగళాంతం తప్పదన్న పాత కట్టుబాటును తెంచి తెలుగు రంగస్థలం మీద విషాదాంతాన్ని నిలబెట్టిన నాటకమది. పావురం కోసం సవతి తల్లి చిత్రాంగి మేడకు వెళ్లిన రాకుమారుడు, ఆమె కోరిక కాదన్నందుకు నేరస్థుడవుతాడు. రాజు విచారణ లేకుండా కాళ్లూ చేతులూ నరికిస్తాడు. ఆ రాజుగా తెలుగుదేశం చెప్పుకున్నది రాజరాజనరేంద్రుణ్ణి, నన్నయను అడిగి భారతం తెలుగులో రాయించుకున్న శ్రోతను. చరిత్రలో ఈ కథకు ఆధారం లేదు. మాళవ ప్రాంతంలో తిరిగిన కథ రాజమహేంద్రవరానికి వచ్చి చేరిందని పండితుల మాట. అయినా జనం ఆ కథను, కవులు చెప్పేది కూర్చుని విన్న రాజుకే అంటగట్టడం ఆలోచించాల్సిన విషయం. ఫీడ్రా కథ తెలియని పల్లెల్లో కూడా, కన్నకొడుకు మాట వినని తండ్రి రాజుగా పనికిరాడన్న తీర్పు ఉంది.

ఇక ‘యాంటిగొని’. క్రీ.పూ. 440 దశకం చివర సోఫొక్లిస్ రాసిన ఈ నాటకాన్ని చట్టానికీ మనస్సాక్షికీ నడుమ పోరుగా చెప్పుకోవడం రివాజు. అందులో తప్పు లేదు, కానీ నాటకంలో ఎక్కువసేపు వేదిక మీద ఉండేది యాంటిగొని కాదు, క్రెయాన్. అతడు రాజ్యం దొంగిలించలేదు. ఈడిపస్ కొడుకులిద్దరూ ఒకరినొకరు చంపుకున్నాక దగ్గరి బంధువుగా సింహాసనం అతనికి న్యాయంగానే వచ్చింది. వారిలో శత్రువులను వెంటబెట్టుకుని సొంత ఊరి మీదికి వచ్చిన పాలినైసిస్‌ను పూడ్చవద్దన్న ఆజ్ఞ కూడా ఆనాటి ప్రేక్షకులకు పూర్తిగా వింత కాదు. దేశద్రోహ నేరం పడినవారికి అటికా నేలలో ఖననం నిషేధించడం ఏథెన్స్ చట్టమే. సలామిస్ విజేత థెమిస్టొక్లీస్ అస్థికలను బంధువులు రహస్యంగా తెచ్చి పాతారన్న మాట థ్యుసిడిడిస్ చరిత్రలో ఉంది. మొదటి ఉపన్యాసంలో క్రెయాన్ చెప్పిన సూత్రాలు కూడా గొప్పవి: భయంతో మంచి సలహాను కాదనేవాడు, దేశం కంటే స్నేహితుణ్ణి ఎక్కువ చేసేవాడు అధముడు. క్రీ.పూ. 343లో డెమొస్తనీస్ తన ప్రత్యర్థి ఈస్కినీస్‌ను న్యాయస్థానంలో నిలదీస్తూ ఈ ఉపన్యాసాన్నే చదివించాడు. ఈస్కినీస్ ఒకప్పుడు నటుడు, క్రెయాన్ వేషం వేసినవాడు. ఆ పంక్తులు వేదిక మీద పలికి, రాయబారంలో మరిచిపోయావన్నది డెమొస్తనీస్ దెప్పు. అంటే వందేళ్ల తర్వాతి పౌరులకు కూడా ఆ మాటలు ఆదర్శ పాలకుడి మాటలుగానే వినిపించాయి.

పతనం ఆ ఉపన్యాసం ముగిసిన మరుక్షణం మొదలవుతుంది. శవం మీద ఎవరో మట్టి చల్లారన్న కబురు పట్టుకుని కావలివాడు వస్తాడు. దారిలో పదిసార్లు ఆగానని, వెనక్కి పోదామనుకున్నానని, చీట్లు వేస్తే తన పేరు వచ్చిందని నసుగుతూ చెబుతాడు. నిజం చెప్పడానికి చీట్లు వేసుకోవలసి వచ్చిన రాజ్యం అది. క్రెయాన్ పాలన మొదటి రోజు ఇంకా గడవనేలేదు. కబురు విన్న రాజుకు వచ్చిన మొదటి ఆలోచన, వీడు లంచం తిన్నాడని. దేవతల పని అయి ఉండవచ్చేమోనన్న పెద్దల మాటనూ విసిరికొడతాడు. ఆ తర్వాత, సోదరుడి శవం మీద మట్టి చల్లిన యాంటిగొని తిరగబడితే ఆడదాని పొగరంటాడు, జోస్యుడు టైరీసియస్ హెచ్చరిస్తే జోస్యగాళ్లది డబ్బాశ అంటాడు. ఎవరు ఏం చెప్పినా మాటలోని విషయాన్ని వదిలేసి మాట వెనక ఉద్దేశాన్ని వెతకడమే అతని పద్ధతి. ఇంత నిశితంగా నిరంకుశుడి మనస్తత్వాన్ని పట్టుకున్న రచన ప్రాచీన సాహిత్యంలో అరుదు.

వీటన్నిటి నడుమ హీమన్ వస్తాడు, క్రెయాన్ కొడుకు, యాంటిగొనికి కాబోయే భర్త. నిష్ఠూరంతో మొదలుపెట్టడు. తండ్రి పట్ల భక్తితో మొదలుపెట్టి ఒక కబురు చెబుతాడు: మీ కళ్లు చూస్తే జనానికి భయం, మీకు నచ్చని మాట మీ ముందు అనరు, చీకట్లో గుసగుసలు నా చెవిన పడుతున్నాయి, ఊరంతా ఆ పిల్ల కోసం ఏడుస్తోంది. వేగుల వల్ల రాజులు సంపాదించే సమాచారమే ఇది, ప్రేమతో ఉచితంగా వచ్చింది. తండ్రి వయసు అడ్డం పెడతాడు, ఊరు నాకు పాలన నేర్పాలా అంటాడు. చివరికి రాజ్యం రాజు సొత్తే కదా అన్న దగ్గరికి వస్తాడు. మనుషులు లేని ఎడారినైతే ఒంటరిగా బాగానే ఏలుతావని కొడుకు బదులిస్తాడు. ఈ వాగ్వాదం చదివినప్పుడల్లా, మొదటి ఉపన్యాసంలోని దేశభక్తి ఇంత త్వరగా ఈ సొంతదారు మాటగా ఎలా మారిందన్న ఆశ్చర్యం కలుగుతుంది.

చివర్లో క్రెయాన్ లొంగుతాడు. పెద్దలు సలహా చెబుతారు: ముందు గుహలో బంధించిన పిల్లను విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు. క్రెయాన్ బయల్దేరుతాడు, కానీ వరస తారుమారు చేస్తాడు. ముందు శవం దగ్గరికి వెళ్లి కడిగించి, దహనం చేయించి, మట్టిదిబ్బ కట్టించి, ఆ తర్వాత గుహకు చేరతాడు. అప్పటికి యాంటిగొని ఉరి వేసుకుంది. హీమన్ కత్తి దూసి తండ్రి మీదికి వచ్చి, ఆ కత్తితోనే తాను పొడుచుకుంటాడు. ఇంట్లో రాణి యురిడిసీ కూడా ప్రాణం తీసుకుంటుంది. విన్నానని అనుకున్న రోజున కూడా క్రెయాన్ సగమే విన్నాడు. సోఫొక్లిస్ ఈ తారుమారు గురించి ఎవరి చేతా వ్యాఖ్య చేయించలేదు. వార్తాహరుడి కథనంలో వరస క్రమాన్ని మాత్రం ఉంచాడు.

రెండువేల ఏళ్లు దాటి లండన్‌కు వస్తే, ఇదే ప్రశ్న మరింత ప్రమాదకరమైన చోట అడగవలసి వచ్చింది. 1603లో గద్దెనెక్కిన ఒకటో జేమ్స్‌కు చిన్ననాటి గురువు జార్జ్ బుకానన్. స్వయంగా విషాద నాటకాలు రాసిన ఆ పండితుడు, నిరంకుశుణ్ణి ఎదిరించే హక్కు ప్రజలకు ఉందని వాదిస్తూ 1579లో గ్రంథం ప్రచురించి బాలరాజైన శిష్యుడికే అంకితమిచ్చాడు. 1584లో స్కాట్లండ్ పార్లమెంటు దాన్ని నిషేధించింది. శిష్యుడు 1598లో తన పుస్తకంలో సరిగ్గా తలకిందుల సిద్ధాంతం చెప్పాడు: రాజు దేవుడికే జవాబుదారీ, దుష్టరాజునైనా ప్రజలు భరించి ప్రార్థించాలి. ఆ రాజు పోషణలో ఉన్న నాటక బృందంలో షేక్‌స్పియర్ ఉన్నాడు. ఆ బృందానికి పాత దెబ్బ కూడా గుర్తుంది. 1601 ఫిబ్రవరి 7న ఎసెక్స్ ప్రభువు అనుచరులు మామూలు వసూలు మీద మరో 40 షిల్లింగులు ఇచ్చి రాజు పదవీచ్యుతి కథను ఆడించుకున్నారు. ఆ నాటకం షేక్‌స్పియర్ ‘రెండో రిచర్డ్’ అని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. మర్నాడు ఎలిజబెత్ రాణి మీద తిరుగుబాటు లేచి విఫలమైంది, ఆ నెలలోనే ఎసెక్స్ తల తెగింది. నటుల తరఫున ఒకరిని పిలిచి విచారించారు. ఎలిజబెత్ బతికినన్నాళ్లు వచ్చిన ముద్రణల్లో రిచర్డ్ కిరీటం దించే ఘట్టం లేదు. 1608 ముద్రణలో గానీ అది అచ్చుకెక్కలేదు.

ఈ నేపథ్యంలో ‘మాక్‌బెత్’ను చూడాలి. చరిత్రలోని మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా స్కాట్లండ్‌ను ఏలాడు. 1050లో రోమ్ యాత్రకు వెళ్లి పేదలకు డబ్బు విత్తనాల్లా వెదజల్లాడని చెబుతారు. అతడికి ముందటి రాజు డంకన్ ముసలివాడు కాదు, పడకమీద చావలేదు, యుద్ధంలో పోయాడు. షేక్‌స్పియర్ చదివిన హోలిన్‌షెడ్ చరిత్ర కూడా మాక్‌బెత్ మొదటి పదేళ్లు న్యాయంగా ఏలాడని ఒప్పుకుంది. నాటకకర్త ఆ పదేళ్లను తీసేశాడు. ఆ గ్రంథంలో డంకన్ హత్యలో పాలు పంచుకున్న బాంకోను నిర్దోషిని చేశాడు, ఎందుకంటే జేమ్స్ తన వంశమూలం బాంకోలో చూసుకునేవాడు. ఇంతవరకూ రాజుకు నచ్చే మార్పులే.

రాజును మెప్పించడంతో ఆగి ఉంటే ఆ నాటకం ఈనాటికి నిలిచేది కాదు. మాక్‌బెత్ పాలనను షేక్‌స్పియర్ చూపిన తీరు గమనించాలి. పన్నులు, చట్టాలు, సభలు ఎక్కడా కనిపించవు. ప్రతి ప్రభువు ఇంట్లోనూ జీతమిచ్చి ఒక నౌకరును పెట్టుకున్నానని అతడే చెబుతాడు. ఆ తర్వాత ప్రభువులు ఇద్దరు కలిసినా సూటిగా మాట్లాడుకోలేరు. సగం మాటలు, పెడర్థాలు. అయిదో అంకంలో ఇంగ్లీషు సైన్యం వస్తోందని చెప్పడానికి వచ్చిన కుర్రవాడి పాలిపోయిన మొహం చూసి రాజు నానా తిట్లూ తిడతాడు. ఇక కబుర్లు తేవద్దంటాడు. అడవి కదిలి వస్తోందన్న సేవకుణ్ణి, అబద్ధమైతే చెట్టుకు వేలాడదీస్తానంటాడు. ఈ మనిషే మొదటి అంకంలో భార్యతో, రాజుతో, స్నేహితుడితో ఎంతో ఆదరంగా మాట్లాడినవాడు. తనకు దక్కవలసిన గౌరవానికి బదులు పైకి వినయం, లోపల శాపం మిగిలాయని అతనికే అర్థమవుతుంది. ఆ ఒక్క ఎరుక వల్లే ప్రేక్షకుడు అతణ్ణి పూర్తిగా వదులుకోలేడు.

దీనికి ఎదురుగా నాలుగో అంకంలో ఇంగ్లండులో జరిగే సుదీర్ఘ దృశ్యం ఉంది. ప్రదర్శకులు చాలాసార్లు దాన్ని కత్తిరిస్తారు. అది పొరపాటు. హతుడైన రాజు కొడుకు మాల్కం, న్యాయమైన వారసుడు, తన దగ్గరికి వచ్చిన ప్రభువు మాక్‌డఫ్‌ను నమ్మవచ్చునా అని పరీక్షించడానికి తన మీద తానే నేరాలు చెప్పుకుంటాడు. కామం అంటాడు, మాక్‌డఫ్ సర్దుకుంటాడు. ధనాశ అంటాడు, దానికీ సర్దుకుంటాడు. న్యాయం, సత్యం, దయ ఏ ఒక్కటీ తనలో లేవనేసరికి మాక్‌డఫ్ మొహం మీదే చెప్పేస్తాడు: ఏలడం సంగతి అటుంచు, నీవు బతకడానికే తగవు. భవిష్యత్తు రాజు ముఖాన ఆ మాట అన్నవాడికి శిక్ష పడలేదు, విశ్వాసం దక్కింది. ఈ సంభాషణ మూలం హోలిన్‌షెడ్‌లోనే ఉన్నా, దాన్ని మాక్‌బెత్ తిట్ల దృశ్యాలకు జోడీగా నిలపడం షేక్‌స్పియర్ ప్రతిభ. జేమ్స్ సిద్ధాంతం ప్రకారం మాల్కంకు అధికారం పుట్టుకతోనే వచ్చింది. నాటకం మాత్రం అతణ్ణి ఒక కఠినమైన మాట విననిచ్చాకే స్కాట్లండుకు పంపింది.

‘లియర్ రాజు’లో ఇదే పాఠం తిరగబడింది. లియర్ పట్టం విషయంలో ఎవరికీ అనుమానం లేదు. ముక్కుసూటిగా మాట్లాడిన కూతురినీ, ఆమె పక్షాన నిలబడ్డ ప్రభువు కెంట్‌నూ మొదటి దృశ్యంలోనే వెళ్లగొట్టాడు, అంతే. ఆ ఒక్క ఉదయం చేసిన పని నుంచి మిగతా నాలుగు అంకాలూ పుట్టుకొచ్చాయి. మూడో జార్జ్‌కు మతి చెడిన కాలంలో, 1811 నుంచి 1820 వరకు, ఈ నాటకాన్ని ఇంగ్లండులో ఆడనివ్వలేదు. మతి తప్పిన రాజు బొమ్మను వేదిక మీద చూపడానికి పాలకులు భయపడ్డారు.

ఇరవయ్యో శతాబ్దంలో ‘యాంటిగొని’ దక్షిణాఫ్రికాలోని రోబెన్ దీవి జైలుకు చేరింది. ఖైదీలు ఆ నాటకం ఆడితే క్రెయాన్ పాత్ర నెల్సన్ మండేలా వేశారు. తన ఆత్మకథలో ఆయన ఆ అనుభవం రాస్తూ క్రెయాన్ మొదటి మాటల్లోని వివేకాన్ని గుర్తించి, ఆ తర్వాతి మొండితనాన్ని, దయ లేకపోవడాన్ని నాయకుడికి తగని గుణాలుగా చెప్పారు. డెమొస్తనీస్ ఒక కొసను చూపిస్తే ఈయన రెండు కొసలూ చూశారు. 1973లో అథోల్ ఫుగార్డ్, జాన్ కాని, విన్‌స్టన్ న్‌షోనా కలిసి ఆ జైలు ప్రదర్శనల ప్రేరణతో ‘ద్వీపం’ నాటకం తయారు చేశారు. కేప్‌టౌన్‌లో మొదటి ప్రదర్శనకు రోబెన్ దీవి ఊసు రాని వేరే పేరు పెట్టుకున్నారు. జైళ్ల సంగతి బయట మాట్లాడడమే ఆనాడు నేరం. ఆ నాటకంలో ఇద్దరే ఖైదీలు, ఒకే గది. ఒకరు యాంటిగొని, మరొకరు క్రెయాన్. యావజ్జీవ శిక్ష పడిన ఖైదీ నిందితుడి మాటలు పలుకుతుంటే, త్వరలో విడుదల కాబోతున్న స్నేహితుడు తీర్పు చెప్పే పాలకుడి మాటలు పలకాలి. 1975లో న్యూయార్క్‌లో కానికీ న్‌షోనాకూ ఉత్తమ నటులుగా టోనీ పురస్కారాన్ని కలిపి ఇచ్చారు. ఆ ఏడాది మండేలా రోబెన్ దీవిలోనే ఉన్నారు.